పిల్లల నులిపురుగులకు ఇంటి మూలికలు: ఏవి పనిచేస్తాయి, ఏవి ప్రమాదం?

ప్రశ్న
అడిగినవారు: పెరటితోట

మా బాబుకు ఆరేళ్ళు. ఫిబ్రవరిలో నులిపురుగుల నివారణ దినం నాడు బడిలో అందరు పిల్లలతో పాటు వాడికీ అల్బెండజోల్ మాత్ర నమిలించారు. నెలన్నర గడిచేసరికి రాత్రిళ్ళు ఆసనం దగ్గర దురద అంటూ లేచి కూర్చోవడం మళ్ళీ మొదలైంది. ఒకరోజు తెల్లవారుజామున దీపం వేసి చూస్తే సన్నని తెల్లదారం ముక్కల్లాంటి పురుగులు కదులుతూ కనిపించాయి. మాత్ర వేసినా తగ్గలేదు కనుక ఇంగ్లీషు మందు పనిచేయదని మా అత్తగారు తీర్మానించేశారు.

ఆవిడది మిర్యాలగూడ దగ్గర పల్లె. తమ చిన్నతనంలో గాడిదగడపాకు పసరును ఆముదంలో కలిపి తాగించేవారని, మిగిలిన ఆకును నూరి బొడ్డు చుట్టూ పట్టు వేసేవారని, మర్నాటికి పురుగులన్నీ పడిపోయేవని చెబుతున్నారు. ఆ ఆకు దొరక్కపోతే వాయువిడంగాల పొడిని తేనెతో నాకించమంటున్నారు. పక్కింటి పెద్దాయన మోదుగ గింజలే మేలంటారు. మా అమ్మ మాత్రం రోజూ వాము నీళ్ళు పట్టిస్తే చాలునని ఫోనులో చెబుతోంది. పెద్దల అనుభవాన్ని నేను తోసిపుచ్చడం లేదు. ఈ నాలుగింటిలో నిజంగా పురుగును చంపే గుణం దేనికి ఉంది, ఆరేళ్ళ పిల్లవాడికి ఏది హాని చేస్తుంది, మాత్ర వేసినా పురుగులు ఎందుకు తిరిగి వచ్చాయి అన్న మూడు సంగతులు తెలిసినవారు వివరంగా చెప్పగలరా? బెల్లం, తీపి మానిపించాలన్న సలహా కూడా వచ్చింది. అది ఎంతవరకు నిజమో కూడా తెలుసుకోవాలని ఉంది.


సమాధానం
రాసినవారు: ద్రవ్యగుణం పాతపంతులు

అమ్మా, ఆయుర్వేద కళాశాలలో ద్రవ్యగుణ శాస్త్రం, అంటే మందు వస్తువుల గుణాల శాస్త్రం, బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అన్నిటికంటే ముందు మీ అత్తగారు చెప్పిన మొదటి మందు గురించి చెప్పాలి, ఎందుకంటే మీరు అడిగిన నాలుగింటిలో తక్షణం ఆపవలసినది అదొక్కటే.

గాడిదగడపాకు నల్లరేగడి చేలగట్ల మీద నేలబారుగా పాకే చిన్న మొక్క. మూత్రపిండం ఆకారంలో బూడిదరంగు పచ్చని ఆకులు, నలిపితే వికారం పుట్టించే వాసన. సంస్కృతంలో కీటమారి అంటారు. పల్లెల్లో పిల్లల పురుగులకు దీన్ని వాడిన మాట నిజమే, ఆముదంతో కలిపి ఇవ్వడమూ, బొడ్డు మీద పట్టు వేయడమూ పాత ఆచారమే. అయితే ఇది అరిస్టోలోకియా జాతి మొక్క. ఆ జాతి మొక్కలలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాల గొట్టాలను కుళ్ళబెడుతుందని, కొన్నేళ్ళ తరువాత మూత్రమార్గంలో క్యాన్సరుకు దారితీస్తుందని ఇప్పుడు ఎవరికీ సందేహం లేదు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందుగా చైనా మూలికలు పుచ్చుకున్న స్త్రీలలో వందకు పైగా మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. విచారిస్తే ఒక మూలిక స్థానంలో అరిస్టోలోకియా జాతి వేరు కలిసిందని తేలింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ జాతి మొక్కలను మనిషికి క్యాన్సరు కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఈ విషం చేసే పని ఆ రోజున బయటపడదు. పసరు తాగిన పిల్లవాడికి మర్నాడు విరేచనం అవుతుంది, పురుగులు పడతాయి, అందరూ సంతోషిస్తారు. ఇరవై ఏళ్ళ తరువాత మూత్రపిండాలు దెబ్బతిని రక్తంలో క్రియాటినిన్ పెరిగినప్పుడు ఆనాటి పసరును ఎవరు గుర్తుపెట్టుకుంటారు? మన పెద్దల అనుభవంలో ఈ ఆకు చెడ్డపేరు తెచ్చుకోకపోవడానికి కారణం ఇదే. అనుభవం అబద్ధమని నేననడం లేదు, ఆ అనుభవానికి అందనంత దూరాన ఫలితం దాగి ఉంది.

ఇక వాయువిడంగాలు. చరకుడు తన సంహితలోని సూత్రస్థానంలో ఏ పనికి ఏ ద్రవ్యం శ్రేష్ఠమో చెప్పిన పట్టికలో క్రిములను పోగొట్టేవాటిలో విడంగమే మేలైనదని స్పష్టంగా చెప్పాడు. విమానస్థానం ఏడవ అధ్యాయంలో క్రిమి చికిత్స అంతా ఉంది. ఎర్రబియ్యపు పిండిలో మూలిక రసం కలిపి అప్పచ్చులుగా కాల్చి, విడంగ తైలం, ఉప్పు రాసి తినిపించే పద్ధతి కూడా అక్కడిదే. ఆ అధ్యాయంలో చికిత్సను మూడు మెట్లుగా చెబుతాడు. మొదటిది పురుగును బయటికి లాగివేయడం, రెండవది లోపల అది బతకలేని స్థితి కల్పించడం, మూడవది అది పుట్టడానికి కారణమైనదాన్ని విడిచిపెట్టడం. మన ఇళ్ళలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాము.

విడంగంలో ఎంబెలిన్ అనే నారింజరంగు పదార్థం ఉంటుంది. జంతువులపైనా, పరీక్షనాళికల్లోనూ పురుగులను దెబ్బతీసే గుణం దీనికి కనబడింది. మనుషుల మీద మాత్రం, అందునా పిల్లల మీద, ఇంత మోతాదు ఇస్తే ఇంతమందికి నయమవుతుందని చెప్పగల గట్టి పరీక్షలు లేవు. జంతువులపై చేసిన ప్రయోగాలలో ఎంబెలిన్ సంతానోత్పత్తి శక్తిని తగ్గించడం కనబడింది కాబట్టి నెలల తరబడి తినిపించే వస్తువు కాదు. గర్భిణులకు అసలు పనికిరాదు.

దీనికి తోడు కల్తీ బాధ ఒకటి ఉంది. పచారీ కొట్టులో వాయువిడంగాలు అడిగితే మిరియాలలాంటి గింజలు ఇస్తారు. అసలు సరుకును గోటితో చీల్చి చూస్తే పైన పెళుసైన ముదురు తోలు, లోపల ఎర్రని గింజ మీద తెల్లని చుక్కలు, కొన్నిటికి అడుగున చిన్న తొడిమ, దానికి అయిదు రేకల పీఠం కనబడతాయి. బజారులో ఇదే పేరుతో వేరే జాతుల గింజలు విరివిగా వస్తాయి. మూలికల వ్యాపారులకు ఈ సంగతి కొత్త కాదు, కొనేవారికే తెలియదు. పొడి రూపంలో కొంటే ఇవేవీ చూసే వీలే ఉండదు.

మోదుగ గింజల విషయానికి వస్తే, పక్కింటి పెద్దాయన తప్పేమీ చెప్పలేదు. మన సంప్రదాయంలో ఏలికపాముల మీద దీనికి మంచి పేరుంది. ఇందులోని పలాసోనిన్ అనే పదార్థం పురుగుల మీద పనిచేస్తుంది. రసాయన నిర్మాణంలో అది బొబ్బలు పుట్టించే కీటకాల విషానికి దగ్గరి చుట్టం. అదే గింజను నిమ్మరసంతో నూరి తామర మీద రాస్తే చర్మం ఎర్రబడి మండుతుందంటే కడుపులోపలి పొరకు ఏమవుతుందో ఊహించండి. మోతాదు మించితే వాంతులు, కడుపునొప్పి తప్పవు. పెద్దవారికి వైద్యుడు చూసి ఇచ్చే మందు ఇది. ఇంట్లో చెంచాతో కొలిచి ఆరేళ్ళ బిడ్డకు పెట్టేది కాదు.

ఒక మాట అదనంగా చెబుతాను. కొందరు కృమిముద్గర రసం వంటి మాత్రలను మూలికల మందులనుకుని సొంతంగా కొంటారు. దానిలో పాదరసం, గంధకం, ముషిణి గింజ ఉంటాయి. మూలిక అన్న మాటను చూసి నిశ్చింతగా ఉండకండి.


సమాధానం
రాసినవారు: గుంటూరు శిశువైద్యురాలు

పంతులుగారు గాడిదగడపాకు గురించి చెప్పినదానికి నేను చేర్చవలసింది లేదు. మాత్ర ఎందుకు విఫలమైనట్టు కనబడిందో నేను చెబుతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే తల్లులలో చాలామంది ఇదే ప్రశ్న వేస్తారు.

మీరు తెల్లవారుజామున చూసినవి సూది పురుగులు, అంటే సెంటీమీటరు పొడవున్న సన్నని తెల్లటివి. ఏలికపాము అయితే జానెడు పైగా ఉంటుంది. కొంకిపురుగు అయితే కంటికి కనబడకుండా పేగు గోడను పట్టుకుని రక్తం పీల్చి బిడ్డను పాలిపోయేలా చేస్తుంది. ఈ మూడింటి దారులు వేరు కాబట్టి వైద్యంలో జాగ్రత్తలూ వేరు. మన దేశంలో 2015 నుంచి జరుగుతున్న నులిపురుగుల నివారణ కార్యక్రమం ప్రధానంగా మట్టి ద్వారా వచ్చే ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడాపురుగులను దృష్టిలో పెట్టుకుని రూపొందించినది. ఏడాది నుంచి పంతొమ్మిదేళ్ళ వరకు ఉన్నవారికి ఫిబ్రవరిలో, ఆగస్టులో ఒక్కొక్క మాత్ర ఇస్తారు. ఏలికపాములకు ఆ ఒక్క మాత్ర దాదాపు సరిపోతుంది, కొరడాపురుగులకు అంతగా సరిపోదు.

సూది పురుగుల కథ వేరు. ఆడపురుగు రాత్రి బిడ్డ నిద్రపోయాక ఆసనం బయటికి వచ్చి చర్మం మీద వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఆ దురదకు బిడ్డ గోక్కుంటాడు, గుడ్లు గోళ్ళ కింద చేరతాయి, పొద్దున్నే వేలు నోట్లోకి వెళుతుంది. గుడ్లు పెట్టిన కొద్ది గంటలకే అంటుకునే శక్తిని పొందుతాయి. పక్కబట్టలు, తలగడ, ఆటబొమ్మలు, బాత్‌రూం మగ్గు పిడి, వీటి మీద రెండు మూడు వారాలు బతికి ఉంటాయి. అల్బెండజోల్ పెద్ద పురుగులను చంపుతుంది, గుడ్లను నమ్మకంగా చంపదు. అందుకే రెండు వారాల తరువాత రెండో మోతాదు ఇవ్వాలి. లక్షణాలు ఉన్నా లేకపోయినా ఇంట్లోవాళ్ళందరికీ అదే రోజున ఇవ్వాలి. మీ బాబు బడిలో ఒక మాత్ర వేసుకుని అదే పరుపు మీదికి, అదే దుప్పటిలోకి వచ్చి పడుకున్నాడు. మందు తన పని తాను చేసింది, ఆ తరువాత ఇంట్లోనుంచే మళ్ళీ అంటుకుంది. ఇక్కడ గాడిదగడపాకు కాదు గదా, ఏ మూలిక వాడినా ఫలితం ఇంతే అయ్యేది.

పసరు తాగితే పురుగులు పడటం కళ్ళారా చూశామని పెద్దలు చెప్పే మాటకు కూడా ఒక కారణం ఉంది. ఆముదం బలమైన విరేచనకారి, బతికి ఉన్న పురుగులను కూడా కొన్నిటిని నెట్టివేస్తుంది. అల్బెండజోల్ పురుగు గ్లూకోజు పీల్చుకోకుండా చేసి రెండు మూడు రోజులకు మెల్లగా చంపుతుంది కాబట్టి చచ్చిన పురుగు చాలావరకు జీర్ణమైపోతుంది, మలంలో కనబడదు. కనబడిన మందును నమ్ముతాము, కనబడనిదాన్ని అనుమానిస్తాము. నేను ఎన్నోసార్లు విన్న ఫిర్యాదు ఇది: మాత్ర వేశాను, ఒక్క పురుగైనా పడలేదు డాక్టరుగారూ అని.

వాము గురించి మీ అమ్మగారు చెప్పినది చరిత్ర దృష్టిలో వట్టిమాట కాదు. వాము నూనెలోని థైమాల్‌ను 1880 ప్రాంతంలో ఇటలీలో బొజ్జోలో అనే వైద్యుడు కొంకిపురుగులపై వాడాడు. 1909 తరువాత అమెరికా దక్షిణ రాష్ట్రాలలో కొంకిపురుగుల నిర్మూలనకు ఏర్పడ్డ రాక్‌ఫెల్లర్ కమిషన్ లక్షలమందికి అదే ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు థైమాల్ తీయడానికి మన వామే ఓడలెక్కి జర్మనీకి వెళ్ళేది. అయితే ఆ వైద్యంలో పెద్దవారికి ఒక పూట మూడు నాలుగు గ్రాముల శుద్ధ థైమాల్ ఇచ్చేవారు. వాములో నూనె నూటికి రెండు నుంచి నాలుగు వంతులు, ఆ నూనెలో సగం అటూ ఇటూగా థైమాల్. చెంచాడు వాము మూడు గ్రాములనుకుంటే అందులో థైమాల్ సుమారు నలభై అయిదు మిల్లీగ్రాములే. ఆనాటి మోతాదు కావాలంటే పావుకిలో వాము తినాలి. కాబట్టి వాము నీళ్ళు కడుపుబ్బరానికి మంచివే, పురుగుకు మాత్రం అందులో ఏమీ తగలదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. థైమాల్ ఇచ్చిన రోజున ఆముదం గానీ, నెయ్యి గానీ, సారాయి గానీ ఖచ్చితంగా ముట్టవద్దనేవారు. నూనెతో కలిస్తే మందు పేగులో ఉండిపోకుండా రక్తంలోకి ఎక్కి మనిషినే చంపగలదు. అందుకే ఆముదానికి బదులు ఎప్సమ్ ఉప్పుతో విరేచనం చేయించేవారు. మన ఇళ్ళలో ఏ పురుగుమందు ఇచ్చినా వెంటనే ఆముదం పట్టించే అలవాటు ఎంత ప్రమాదకరమో దీన్నిబట్టి తెలుస్తుంది. అల్బెండజోల్ సురక్షితమని చెప్పడానికి ముఖ్య కారణం కూడా ఇదే తర్కం. అది రక్తంలోకి బహు తక్కువగా వెళ్ళి, పురుగు ఉన్న పేగులోనే ఉంటుంది. ఆనాటి మూలికా రసాయనాలు పనిచేయక మూలపడలేదు. బాగా పనిచేసేవి. పురుగును చంపే మోతాదుకూ మనిషిని దెబ్బతీసే మోతాదుకూ మధ్య ఎడం చాలకనే వాటిని వదిలేశారు. శాంటోనిన్ అనే పాత పురుగుమందు మింగితే లోకమంతా పసుపుపచ్చగా కనబడేది. బద్దెపురుగులకు ఇచ్చే మేల్ ఫెర్న్ అనే మొక్క వేరుతో కొందరి చూపే పోయింది. కీనోపోడియం అనే మొక్క నూనె పిల్లల ప్రాణాలు తీసింది.

ఇదే వరుసలో వేపనూనెను కూడా చేర్చండి. ఇంటివైద్యంగా పసిపిల్లలకు వేపనూనె పట్టిస్తే మూర్ఛలు, కాలేయం దెబ్బతినడం, ప్రాణాపాయం జరిగాయని 1980ల ఆరంభంలో మలేషియా నుంచి వైద్య నివేదికలు వచ్చాయి, మన దేశంలోనూ అలాంటివి ఉన్నాయి. ఉగాది పచ్చడిలో చిటికెడు వేపపువ్వు వేరు, ఉగ్గుగిన్నెతో పట్టించే నూనె వేరు.

బెల్లం, తీపి తినడం వల్ల పురుగులు పుడతాయన్నది నిజం కాదు. రాత్రి పళ్ళు కొరకడం కూడా పురుగులకు గుర్తు కాదు. ఆ రెండు నమ్మకాలనూ పక్కన పెట్టండి.


సమాధానం
రాసినవారు: మందల సాయం

మనుషుల వైద్యం నాకు తెలియదు, పశువైద్యశాలలో సహాయకుడిగా పనిచేశాను. మా మహబూబ్‌నగర్ వైపు గొర్రెలకు ప్రభుత్వం ఏటా నట్టల మందు తాగిస్తుంది, అదీ ఈ అల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ కుటుంబంలోనిదే. ఏ మందు పడితే ఆ మందును, బరువు చూడకుండా సగం సగం మోతాదుల్లో తాగించిన మందల్లో కడుపులోని రక్తం పీల్చే పురుగు మందుకు లొంగడం మానేస్తుంది. అప్పుడు గొర్రెలకాపరులు వేపాకు, వావిలాకు, మోదుగ గింజల పొడి అంటూ తిరుగుతారు. కొన్ని గొర్రెలు తేరుకుంటాయి, కొన్ని పోతాయి. పిల్లలకైనా మూలిక మీద నమ్మకంతో సగం మోతాదు మాత్ర, సగం మోతాదు పొడి కలిపి ఇవ్వకండి. ఏదో ఒకటి నిండుగా ఇవ్వాలన్నది మా దగ్గర మొదట నేర్పే పాఠం.


సమాధానం
రాసినవారు: డాలస్ తెలుగు గడప

ఇక్కడ అమెరికాలో మన తెలుగువారి వాట్సాప్ బృందాలలో ఈ మధ్య పేగులు శుభ్రం చేసే మూలికా పొట్లాలు విపరీతంగా తిరుగుతున్నాయి. నల్ల వాల్‌నట్ తొక్క, చేదు మాచిపత్రి, లవంగం కలిపి గొట్టాలలో నింపి అమ్ముతారు. ఇవి వాడాక తాడులాంటి పొడుగాటి పురుగులు పడ్డాయని ఫోటోలు పెడుతుంటారు. అవి ఎక్కువగా మందులోని బంక, పీచు, పేగు జిగురు కలిసి ఏర్పడే తాళ్ళు. ప్రయోగశాలలో చూపిస్తే పురుగు అని తేలేవి అరుదు. మన పల్లెటూరి పసరుకు కనీసం ఒక తరం అనుభవం ఉంది, దీనికి అదీ లేదు.

మూలికలను నిజాయితీగా పరీక్షించిన సందర్భాలు రెండు చెబుతాను. మా వీధిలోని మెక్సికన్ కొట్టులో ఎపాజోటె అనే ఆకు కట్టలుగా దొరుకుతుంది. చిక్కుడు గింజల కూరలో వేస్తారు, పురుగులకు కషాయమూ కాస్తారు. శిశువైద్యురాలు చెప్పిన కీనోపోడియం నూనె తీసింది దీని దగ్గరి బంధువు నుంచే. 1980లలో మెక్సికోలోని చియాపాస్ రాష్ట్రంలో గ్రామీణులకు ఈ ఆకు కషాయాన్ని వారి సంప్రదాయ మోతాదులోనే ఇచ్చి పరీక్షిస్తే ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడాపురుగుల మీద చెప్పుకోదగ్గ ప్రభావమేదీ కనబడలేదు. నూనెగా తీస్తే మనిషిని కూడా చంపేంత ఘాటు, కషాయంగా కాస్తే పురుగుకూ ఏమీ కాదు. రెండోది కొంత ఆశ కలిగించే సంగతి. నైజీరియాలో 2007లో ప్రచురించిన చిన్న పరీక్షలో అరవైమంది పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఎండబెట్టిన బొప్పాయి గింజల పొడిని తేనెలో కలిపి, రెండో జట్టుకు తేనె మాత్రమే ఇచ్చారు. గింజలు తిన్న ముప్ఫైమందిలో 23 మందికి, తేనె తిన్న ముప్ఫైమందిలో 5 మందికి వారం తరువాత మలపరీక్షలో పురుగుల జాడ లేదు. తేనెతోనే అయిదుగురికి తగ్గిందంటే, పోలిక జట్టు లేకుండా చేసే అనుభవ కథనాలను ఎంత తగ్గించి చదవాలో తెలుస్తుంది. అయినా 23 తక్కువేమీ కాదు. ఒక్క చిన్న పరీక్ష, పిల్లలను చూసింది వారం రోజులే, సూది పురుగుల సంగతి అందులో తేలలేదు అన్న పరిమితులను మరచిపోకుండా ఉంటే చాలు.

చైనాలో గుమ్మడి గింజలు, వక్క కషాయం కలిపి బద్దెపురుగులకు ఇచ్చి మంచి ఫలితం సాధించారు. అదీ ఆసక్తికరమైనదే గానీ, వక్క స్వయంగా క్యాన్సరు కారకమని తేలిన వస్తువు కాబట్టి ఆ దారి పట్టమని ఎవరికీ చెప్పలేను. ఒట్టి గుమ్మడి గింజలు చిరుతిండిగా పిల్లలకు పెడితే నష్టమేమీ లేదు.

మన వాకిళ్ళలో పాకే రాధామనోహరం తీగ గింజలు కూడా చైనా వైద్యంలో పిల్లల ఏలికపాములకు ప్రసిద్ధమైన మందు. ఎక్కువ తింటే ఎక్కిళ్ళు పట్టుకుంటాయని వారి గ్రంథాలలోనే ఉంది. మన దగ్గర ఆ తీగ పూలకే పరిమితమైపోవడం నాకెప్పుడూ వింతగా తోస్తుంది.


అడిగినవారి మాట
పెరటితోట

అందరికీ కృతజ్ఞతలు. పంతులుగారు రాసినదాన్ని మా అత్తగారికి మొత్తం చదివి వినిపించాను. చరకుడి పేరు వచ్చేసరికి ఆవిడ శ్రద్ధగా విన్నారు. గాడిదగడపాకు మాట విరమించుకున్నారు, అయితే విడంగాలను మాత్రం పూర్తిగా వదలలేదు. ఇంట్లో నేను, మా వారు, అత్తగారు, బాబు, పద్నాలుగు నెలల పాప ఉన్నాము. పాపకు కూడా మాత్ర ఇవ్వవచ్చునా? మలపరీక్ష చేయించమని ఒకరన్నారు, అవసరమా? అత్తగారు తనవరకు విడంగాల పొడి వేసుకుంటే అభ్యంతరం ఉందా?


సమాధానం
రాసినవారు: ద్రవ్యగుణం పాతపంతులు

మీ అత్తగారు పెద్దవారు, తమ నాడి తామెరిగినవారు. దగ్గరలోని ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలలో చూపించి, వైద్యుడు రాసిన మోతాదులో కొన్నాళ్ళు వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. మాత్రకు బదులుగా కాకుండా, మాత్ర వేసుకున్నాక వేసుకోమనండి. లేకపోతే ఇంట్లో ఆవిడ ఒక్కరి దగ్గర పురుగులు మిగిలి మళ్ళీ మనవడికే చేరతాయి. కాలేయానికి గానీ, రక్తం పలుచన కావడానికి గానీ మందులు వాడుతుంటే ఆ విషయం వైద్యుడికి ముందే చెప్పాలి. మూడో మెట్టు, అంటే కారణాన్ని విడిచిపెట్టడం, ఆవిడకే అప్పగించండి. మనవడి గోళ్ళు కత్తిరించే పని నానమ్మలు చేసినంత శ్రద్ధగా ఇంకెవరూ చేయరు.


సమాధానం
రాసినవారు: గుంటూరు శిశువైద్యురాలు

సూది పురుగులకు మామూలు మలపరీక్ష వృథా ఖర్చు. గుడ్లు మలంలో కాకుండా చర్మం మీద ఉంటాయి కాబట్టి చాలాసార్లు ఏమీ లేదని వస్తుంది. బాబు నిద్ర లేచీ లేవగానే, దొడ్డికి వెళ్ళకముందే, స్నానం చేయించకముందే, పారదర్శకమైన అంటుడు టేపు ముక్కను జిగురు వైపుగా ఆసనం చుట్టూ నొక్కి తీసి గాజు పలక మీద అంటించి ప్రయోగశాలకు ఇస్తే సూక్ష్మదర్శినిలో గుడ్లు కనబడతాయి. ఒక రోజు దొరక్కపోతే మూడు రోజులు వరసగా చేస్తారు. మీరు పురుగును కళ్ళతోనే చూశారు కనుక మీకు అదీ అవసరం లేదు. బాబు పాలిపోయి ఉన్నా, ఎదుగుదల తగ్గినా, మట్టిలో చెప్పుల్లేకుండా ఆడే అలవాటున్నా, కొంకిపురుగుల కోసం మలపరీక్ష, రక్తంలో హిమోగ్లోబిన్ పరీక్ష వేరుగా చేయించండి.

పాపకు ఏడాది దాటింది కాబట్టి ఇవ్వవచ్చు. ప్రభుత్వ మార్గదర్శకాలలో రెండేళ్ళ లోపు వారికి సగం మాత్ర, అంటే 200 మిల్లీగ్రాములు. రెండేళ్ళు దాటినవారందరికీ నిండు మాత్ర, 400 మిల్లీగ్రాములు. పాపకు ఇచ్చేటప్పుడు మాత్రను మెత్తగా పొడి చేసి నీళ్ళలో కలిపి కూర్చోబెట్టి పట్టించండి. ముక్కలుగా నోట్లో వేస్తే గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది, ఏడుస్తున్నప్పుడు బలవంతంగా పోయకూడదు. జ్వరంతోనో వేరే జబ్బుతోనో ఉంటే తగ్గేదాకా ఆగండి. పాప బరువు తక్కువైతే ముందు మీ వైద్యుడికి చూపించండి. మీరు గర్భవతి అయ్యే అవకాశం ఉంటే ఆ సంగతి తేల్చుకున్నాకే మీరు వేసుకోవాలి, మొదటి మూడు నెలలలో ఈ మందు ఇవ్వము.

అందరూ ఒకే రాత్రి వేసుకోండి. మర్నాడు పొద్దున బాబుకు ముందుగా స్నానం చేయించి, రాత్రి గుడ్డలు, దుప్పట్లు, తలగడ గలీబులు విదిలించకుండా అలాగే చుట్టి వేడినీళ్ళలో వేసి ఉతికి ఎండలో ఆరవేయండి. దులిపితే గుడ్లు గాలిలో లేచి ముక్కులోకి, నోట్లోకి చేరతాయి. గది కూడా చీపురుతో ఊడ్చేకన్నా తడిగుడ్డతో తుడవడం మేలు. ఈ పనులు రెండు వారాలు సాగాలి, పదిహేనో రోజు రెండో మోతాదు వేయాలి. రాత్రి బాబుకు బిగుతైన చెడ్డీ తొడిగితే నిద్రలో గోకడం తగ్గుతుంది. దురద ఎక్కువగా ఉంటే పడుకునేముందు కొద్దిగా కొబ్బరినూనె రాయవచ్చు, అది పురుగును చంపదు గానీ బిడ్డకు నిద్ర పడుతుంది.

పైవన్నీ సూది పురుగుల గురించే చెప్పాను. ఎప్పుడైనా బిడ్డ పొట్ట ఉబ్బి, ఆగకుండా వాంతులు చేసుకుంటూ, మలం గానీ గాలి గానీ పోకుండా ఉంటే ఏలికపాములు ఉండచుట్టి పేగుకు అడ్డుపడి ఉండవచ్చు. ఆ స్థితిలో ఆముదం గానీ, పసరు గానీ, మాత్ర గానీ ఏదీ ఇవ్వకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకురావాలి. బద్దెపురుగు ముక్కలు మలంలో కనబడిన మనిషికి ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే, పురుగుమందు వేసుకునే ముందే నరాల వైద్యుడిని కలవాలి. మెదడులో తిత్తులు ఉన్నవారికి పురుగుమందు పడగానే అక్కడ వాపు వచ్చి మూర్ఛ తిరగబెట్టవచ్చు.